బీరువా తలుపు ముందు మగాళ్ళు

ఆ గోడ మీద మీ తాత ఫోటో యాభై ఏళ్ళకి పైగా వేలాడుతోంది. వచ్చినవాడల్లా తలెత్తి చూసి, "అబ్బ, ఏం నిలబడ్డాడండీ!" అంటాడు. మీరూ అంటారు. ఆ మీసం ఎవరికొచ్చిందని కొట్టుకుంటారు, ఆ ఎత్తు రాలేదని ఏడుస్తారు. ఒక్కడైనా, ఒక్కతైనా, "అమ్మమ్మా, తాతని అలా నిలబెట్టిందెవరే?" అని అడిగారా? అడగలేదు. పుట్టుకతోనే అలా నిలబడ్డాడనుకున్నారా? మీ తాతా! మామూలుగా నిలబడితే తీగ మీద ఆరేసిన చొక్కాలా ఉండేవాడు. గాలొస్తే ఊగేవాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అమ్మమ్మని కాబట్టి అడక్కపోయినా పెడతాను. రాసుకునేవాళ్ళు రాసుకోండి, ఆవలించేవాళ్ళు అవతల గదిలోకి పోండి.

నిలబెట్టింది మా అక్క. మీ పెద్దమ్మమ్మ. మీకు తెలిసినంతవరకూ ఆవిడ ఒక ముసలావిడ, మూలగదిలో తలుపులేని బీరువా ఉంచుకుని, బాగు చేయిస్తామంటే తిట్టిపోసే ఆవిడ. అంతే కదూ?

మా నాన్నకి ఫోటో స్టూడియో ఉండేది. కింద స్టూడియో, మీద ఇల్లు. కింద ముందు గదిలో ఒక బల్ల, దువ్వెన, పౌడరు డబ్బా, ముఖం పట్టేంత అద్దం. లోపలి గదిలో వెనక ఒక తెర, తెర మీద మేఘాలు, ముందు మూడు కాళ్ళ మీద కెమెరా, దాని మీద నల్లగుడ్డ. ఆ గదికి ఒక పక్క వీధి తలుపు, రెండో పక్క ఎత్తైన కిటికీ. వెలుతురంతా ఆ కిటికీదే.

ఆడవాళ్ళు, పిల్లలు వచ్చేవాళ్ళు, నిజమే. కానీ స్టూడియో నడిచింది నిలబడే మగాళ్ళ వల్ల. ఉద్యోగం వచ్చిందని ఒకడు, దూరం పోతున్నానని ఒకడు, పిల్లనిచ్చేవాళ్ళు అడిగారని ఒకడు. కూర్చుని దిగమంటే ఒప్పుకునేవాళ్ళు కాదు. నిలువెత్తు ఫోటో కావాలి, బూట్ల కొసలు కూడా పడాలి. తీరా తెర ముందు నిలబడితే, అప్పటిదాకా వీధిలో పులిలా తిరిగినవాడు కొయ్యబారిపోయేవాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. సొంత చేతులే ఎవరో అప్పుడే తెచ్చి తగిలించినట్టు చూసుకునేవాడు.

నాన్న దానికి జంకేవాడు కాదు. రెండు వేళ్ళతో గడ్డం పట్టి తిప్పేవాడు. వీపు మీద అరచేత్తో ఒక్కటి వేసేవాడు, వాడు నిటారు అయ్యేవాడు. చీలమండ మీద చెప్పుతో తట్టి కాలు జరిపేవాడు. "బరువు వెనక కాలి మీద వెయ్యరా. ముందు మోకాలు కాస్త వదులు. చంకలో పిచ్చుక దూరేంత సందుంచు. వేళ్ళు అరటిపళ్ళ గెలలా చూపించకు, అంచు తిప్పు. ఊపిరి వదిలెయ్. ఆఁ!" అంతే, నొక్కేవాడు. పెద్ద పెద్దవాళ్ళు కూడా నాన్న చేత చెప్పుదెబ్బ తిని నవ్వుతూ పోయేవాళ్ళు.

అక్క ఆ నల్లగుడ్డ కింద పెరిగింది. ఏడో ఏట నుంచీ అక్కడే. ఆ గుడ్డ కింద గాజుపలక మీద మనిషి ఎలా కనిపిస్తాడో మీకు తెలియదు. తలకిందులుగా కనిపిస్తాడు. పైగా కుడి ఎడమకి పోతుంది, ఎడమ కుడికి వస్తుంది. అలా చూసి చూసి అక్కకి కుడి ఎడమలు ఎప్పటికీ కుదరలేదు. అన్నం తినే చెయ్యేదని అడిగితే ఒక్క నిమిషం ఆలోచించేది. దాని సంగతి తర్వాత వస్తుంది, గుర్తుంచుకోండి.

అక్కకి ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి నాన్న కళ్ళకి మసక కమ్మింది. మొదట గాజు మీద మనిషి చెదిరాడు, తర్వాత గుడ్డ బయట కూడా చెదిరాడు. అప్పటికే డార్కురూము పనంతా అక్కదే. నెగెటివులు కడగడం, ప్రింట్లు తియ్యడం, మొటిమలు పెన్సిలుతో మాయం చెయ్యడం, అన్నీ. ఒక్క నిలబెట్టడమే నాన్నది. అది పోయింది.

మా మేనత్త కొడుకు, అంటే మా బావ, అక్కడే పని నేర్చుకున్నాడు. పెళ్ళయి ఇద్దరు పిల్లలు, పక్క వీధిలో కాపురం. చెడ్డవాడు కాదు, మాట మాత్రం చెప్పుతో కొట్టినట్టుండేది. స్టూడియో తనకే వస్తుందని వాడికి ఖాయం. ఒకరోజు బల్ల మీద కాళ్ళూపుకుంటూ కూర్చుని అన్నాడు:

"మామయ్యా, తాళాలు నాకిచ్చేసి నువ్వు హాయిగా పడుకోరాదూ. నెగెటివులు మరదలు కడుగుతుంది, మనుషుల్ని నేను చూసుకుంటాను."

"మనుషుల్ని నేను చూసుకోలేనా?" అంది అక్క.

"చూసుకోగలవు. ముట్టుకోగలవా? గడ్డం పట్టుకుంటావా, చీలమండ తంతావా?"

అక్క ఆ మధ్యాహ్నమే చేసి చూపించబోయింది. పాపం, దొరికినవాడు ఒక మంగలి. కొత్త చొక్కా వేసుకొచ్చాడు, పక్కనే పెళ్ళాం బల్ల మీద కూర్చుంది. అక్క రెండు వేళ్ళతో గడ్డం పట్టిందో లేదో, వాడు వేడి ఇస్తిరిపెట్టె తగిలినట్టు ఎగిరి తెరలోని మేఘాలకి గుద్దుకున్నాడు. వాడి పెళ్ళాం లేచి నిలబడి, "ఏమ్మా, ఊళ్ళో గడ్డాలన్నీ మా ఆయన పడతాడు, మా ఆయన గడ్డం పట్టడానికి నువ్వెవరివి?" అంది. బావ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

నాన్న నవ్వలేదు. "అమ్మా, నీకు పని రాదని నేననను. కానీ మగాళ్ళు నీ ముందు నిలబడరే. వాళ్ళు నిలబడకపోతే ఈ స్టూడియో నిలబడదు. ఈ నెలాఖరుకి తాళాలు మీ బావకిస్తాను" అన్నాడు.

అక్కకి ఇంకేమీ వద్దు, ఆ గది కావాలి. చీర అడిగిన మనిషి కాదు, పెళ్ళి అడిగిన మనిషి కాదు. నెలాఖరంటే పద్దెనిమిది రోజులు.

ఆ పద్దెనిమిది రోజుల్లోనే ఫైర్‌స్టేషను ఆఫీసరు వచ్చాడు. తెల్ల మీసాల మనిషి, మాట తక్కువ. వాళ్ళ స్టేషనులో పంతొమ్మిదిమంది. పంతొమ్మిదిమందికీ ఒక్కొక్కరికి నిలువెత్తు ఫోటో కావాలి, ఫ్రేములు కట్టించి స్టేషను గోడకి పెడతాడట.

"ఎందుకండీ అంత పని, అందర్నీ ఒక వరసలో నిలబెడితే ఒక్క ఫోటోతో పోతుందిగా?" అన్నాడు బావ.

ఆఫీసరు కాసేపు టోపీ తిప్పుకున్నాడు. "కిందటేడు ఒకణ్ణి మంటల్లో పోగొట్టుకున్నాం బాబూ. వాళ్ళమ్మ ఫోటో అడిగింది. మా దగ్గరున్నది వరస ఫోటో ఒక్కటే. అందులోంచి కత్తిరించి ఇచ్చాం. భుజం మీద ఎవడిదో చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ తల్లి ఆ చెయ్యెవరిదని అడిగింది" అన్నాడు.

అప్పుడు అక్క ముందుకొచ్చి, "నేను తీస్తానండీ" అంది. నాన్న ఔననలేదు, కాదనలేదు. ఆఫీసరు ఆవిణ్ణి కిందనుంచి పైదాకా చూసి, "సరేనమ్మా. ఒకటే మాట. హెల్మెట్టు ఎడమ చంకలో ఉండాలి, కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి. అది మా రూలు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ముట్టుకోకుండా మగాణ్ణి నిలబెట్టడమెలా? అక్క రెండు రోజులు ఆలోచించి ఉపాయం పట్టింది. తెర ముందు తనే నాన్న చెప్పినట్టు నిలబడి చూసుకుంది. వెనక కాలి మీద బరువు, ముందు మోకాలు వదులు, భుజం కాస్త పక్కకి. బాగా కుదిరాక చాక్‌పీసుతో తన పాదాల చుట్టూ నేల మీద గీత గీసింది. వచ్చినవాడు ఆ గీతల్లో బూట్లు పెడితే చాలు, చీలమండ తన్నక్కర్లేదు. ఇక చేతులకీ మెడకీ, తనే ఎదురుగా నిలబడి చూపిస్తుంది, "నన్ను చూసి అలాగే నిలబడండి" అంటుంది. తెలివైన ఉపాయమే, కాదనను.

ముగ్గురేసి, నలుగురేసి వచ్చారు. మొదట అడుగు పెట్టినవాడే నిచ్చెన. వాడి అసలు పేరు వాళ్ళమ్మకి కూడా గుర్తులేదేమో, స్టేషనంతా నిచ్చెన అనే పిలిచేది. నిచ్చెన పట్టుకునే పని వాడిది, వాడూ నిచ్చెనంత. ఎవరో కాదు, గోడమీదున్న మీ తాతే. అప్పుడు నాకు వరసైనవాడు కాదు కాబట్టి వాడు అంటున్నాను, మూతులు తిప్పకండి. గుమ్మం తగులుతుందని చిన్నప్పట్నుంచీ వంగి వంగి, గుమ్మం లేనిచోట కూడా వంగే నడిచేవాడు.

అక్క హెల్మెట్టు తీసుకుని తన ఎడమ చంకలో పెట్టుకుని ఎదురుగా నిలబడింది. "నన్ను చూడండి. ఇలా." నిచ్చెన చూశాడు. ఎదురుగా ఉన్న మనిషి హెల్మెట్టు ఏ వైపు కనపడితే ఆ వైపే తన హెల్మెట్టు పెట్టాడు. అద్దంలో బొమ్మలాగ. అంటే వాడి కుడి చంకలోకి వచ్చింది. అక్క గుడ్డ కిందకి దూరింది. గాజు మీద వాడు తలకిందులు, కుడి ఎడమలు తారుమారు. ఎప్పుడూ చూసేదే కదా, ఆవిడ కంటికి అంతా సరిగ్గానే ఉంది. నొక్కింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు నిచ్చెనని చూసి నేర్చుకున్నారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు. పంతొమ్మిదిమందీ అయ్యారు. ఒక్కడూ పారిపోలేదు, ఒక్కడి పెళ్ళాం లేవలేదు. ఆ రోజు అక్క మెట్లు రెండేసి ఎక్కింది.

ప్రింట్లు తీసి, ఆరబెట్టి, కవర్లో పెట్టి ఆఫీసరుకి ఇచ్చింది. ఆయన స్టూడియోలోనే బల్ల మీద ఒక్కొక్కటే పరిచాడు. పరుస్తున్నకొద్దీ ఆయన మీసాలు కిందకి దిగాయి.

"హెల్మెట్టు ఏ చంకలో ఉండాలన్నానమ్మా?"

"ఎడమ చంకలోనండీ."

"ఇది ఎడమా?"

అక్క చూసింది. తన చెయ్యి చూసుకుంది. మళ్ళీ ఫోటో చూసింది.

"అది సరే, వదిలేద్దాం. నిలబడ్డ తీరు చూడు" అన్నాడాయన. "పంతొమ్మిదిమందీ ఒక్కలాగే నిలబడ్డారు. ఒక్క తల్లి కూతుళ్ళలా ఉన్నారమ్మా! మంటల్లోకి పోయేవాళ్ళలా ఉన్నారా, పూలు కోసుకొచ్చేవాళ్ళలా ఉన్నారా?"

ఆయన తిట్టలేదు, నిజం చెప్పాడు. అందరూ నిలబడింది అక్క పాదాల్లో. అక్క నడుం వంపు, అక్క మెడ వంపు, ఆ మీసాల మొహాల కింద! నిచ్చెన అయితే ఆ చిన్న గీతల్లో పెద్ద బూట్లు ఇరికించి, గట్టు మీద కొంగలా ఉన్నాడు.

ఆఫీసరు వెళ్ళాక బావ దగ్గరికొచ్చాడు. ఈసారి నవ్వలేదు. "మరదలా, ఏడవకు. నెగెటివు తిరగేసి ప్రింటు తియ్యి. కుడి ఎడమవుతుంది. ఎవడికి తెలుస్తుంది?"

అక్క డార్కురూములోకి పోయి ఒక్కటి తిరగేసి తీసింది. నిచ్చెనదే. హెల్మెట్టు ఎడమ చంకలోకి వచ్చింది, బాగానే ఉంది. కానీ చొక్కా గుండీలు ఆడవాళ్ళ వైపుకి పోయాయి. గుండె మీది బిళ్ళలో పదిహేడు నంబరు వెనక్కి తిరిగి, ఏ లిపో తెలియకుండా పోయింది. అక్క ఆ ప్రింటుని తొట్టిలోంచి తీసి నీళ్ళు కారుతుండగానే నాలుగు ముక్కలు చేసింది. "ఆ తల్లికి ఎవడి చెయ్యో అంటించి ఇచ్చారు. నేను ఇంకొకడికి ఎవడివో గుండీలు పెట్టి ఇవ్వనా?" అంది.

మర్నాడు పొద్దున్నే స్టేషనుకి పోయింది. పంతొమ్మిదిమందీ బండి కడుగుతున్నారు. అందరి ముందే ఆఫీసరుతో చెప్పింది:

"తప్పు నాదేనండీ. వాళ్ళది కాదు. మళ్ళీ తీస్తాను."

"తప్పు ఒప్పుకున్నావు, సంతోషం. ఈసారి మీ బావని తియ్యమను" అన్నాడాయన.

"ఒక్కణ్ణి నిలబెట్టనివ్వండి. ఒక్కణ్ణే. ఆ ఫోటో చూసి మీకు నచ్చకపోతే మిగిలినవాళ్ళని మా బావే తీస్తాడు. నేనిక ఆ గదిలో అడుగు పెట్టను."

ఆఫీసరు గడ్డం గోక్కున్నాడు. "ఎవణ్ణి?"

"మీరే చెప్పండి."

ఆయన కళ్ళు వరసంతా తిరిగి ఎక్కడ ఆగాయో మీకు చెప్పక్కర్లేదు. బకెట్టు పట్టుకుని, ఆకాశం తగులుతుందేమో అన్నట్టు వంగి నిలబడ్డవాడి దగ్గర ఆగాయి.

"నేనా సార్? అమ్మాయిగారి కొంప ముంచడానికి నేనే దొరికానా?" అన్నాడు నిచ్చెన. అందరూ గొల్లున నవ్వారు. అక్క కూడా నవ్వింది, కానీ దారంతా గోళ్ళు కొరుక్కుంటూ వచ్చింది.

ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. స్టేషనులో వచ్చేముందు నిచ్చెన నవ్వుతూనే ఇంకో మాటన్నాడు, అది చెవిలో తిరుగుతోంది. "ఎలా నిలబడ్డానో నాకేం తెలుసండీ, నన్ను నేనెప్పుడు చూసుకున్నాను?" నిజమే కదా! గడ్డం గీసుకునే అద్దం అరచెయ్యంత. అందులో ఒక దవడ కనపడుతుంది, తర్వాత ఇంకో దవడ. ఇంట్లో ఉన్న పెద్ద అద్దం ఆడవాళ్ళది, దాని ముందు నిలబడితే నవ్వుతారు. మెడ కింద తనెలా ఉంటాడో తెలియకుండానే మగాడి జీవితం గడిచిపోతుంది. తన చేతులు తను చూసుకోనివాణ్ణి పట్టుకుని చేతులు సరిగ్గా పెట్టమంటే ఎక్కడ పెడతాడు?

అక్క లేచింది. మా అమ్మ గదిలోకి పోయింది. అమ్మ బీరువాకి ఒకటే తలుపు, తలుపు నిండా నిలువుటద్దం. స్క్రూలు విప్పడం మొదలెట్టింది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమే! ఇదేం పోయేకాలమే! నా చీరలన్నీ దారినపోయేవాళ్ళు చూడాలా?"

"రెండు రోజులమ్మా. మళ్ళీ బిగిస్తాను."

"నీ రెండు రోజులు నాకు తెలియవా? పోనీ ఆ పై స్క్రూ ముందు తియ్యకు, మీద పడుతుంది. కింద నుంచి తియ్యి. ఇలా తే, పట్టుకుంటాను."

అమ్మ తిడుతూనే ఒక పక్క పట్టుకుంది. బావ రెండో పక్క భుజాన వేసుకుని మెట్లు దింపాడు. "నా స్టూడియోకి నా చేతే సమాధి కట్టిస్తోంది చూడండి" అని మెట్టుకో మాట అంటూనే దింపాడు.

మర్నాడు పదింటికి నిచ్చెన వచ్చాడు, వెనకే ఆఫీసరు. అక్క తలుపుని కెమెరా పక్కనే గోడకి ఆనించి పెట్టింది. పాత గీతలు నేల మీద తడిగుడ్డతో తుడిచేసింది. నిచ్చెన లోపలికొచ్చి తలెత్తి అద్దం చూశాడు. ఆగిపోయాడు.

"ఎవరండీ ఆ పొడుగాయన?" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు, గొంతు మాత్రం వేళాకోళంగా లేదు.

వాడు ఇంకో అడుగేశాడు. బూట్లు చూసుకున్నాడు, మోకాళ్ళు, బెల్టు, చేతులు. చేతులు ఎత్తి దించాడు. మెడ అటూ ఇటూ తిప్పాడు. "వంగి ఉన్నానే" అన్నాడు మెల్లగా, తనతో తనే.

"నిచ్చెన ఎక్కేముందు ఎలా నిలబడతారు?" అని అడిగింది అక్క.

"ఎలా ఏముందండీ. ఒక కాలు కింది మెట్టు మీద. రెండోది వెనక గట్టిగా. పైన ఎక్కడ మంటుందో చూస్తాను."

"నిచ్చెనుందనుకుని నిలబడండి."

వాడు నిలబడ్డాడు. వెనక కాలి మీద బరువు పడింది, ముందు మోకాలు వదులైంది, ఛాతీ దానంతటదే లేచింది. నాన్న చెప్పుదెబ్బలన్నీ వాడి ఒంట్లో ముందే ఉన్నాయి! ఎవరూ చెప్పలేదు, మంట చెప్పింది. అద్దంలో ఆ మనిషి నిటారుగా కనపడేసరికి వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇప్పుడు ముందు కాలు నేల మీద పెట్టండి, బరువు కదల్చొద్దు." వాడు పెట్టగానే అక్క కింద కూర్చుని వాడి బూట్ల చుట్టూ చాక్‌పీసుతో గీసింది, బూటు ముట్టుకోకుండా. "హెల్మెట్టు..." అని ఆగిపోయింది. కుడి ఎడమల్లో మళ్ళీ కాలు పెట్టదలచుకోలేదు. గది చుట్టూ చూసింది. "హెల్మెట్టు తలుపు వైపు చంకలో. కిటికీ వైపు చెయ్యి ఖాళీ" అంది.

గది తారుమారు కాదు కదా. అద్దంలో చూసినా, గుడ్డ కింద దూరినా, వీధి తలుపు వీధిలోకే ఉంటుంది.

ఆఫీసరు చటుక్కున తన ఎడమ చెయ్యి చూసుకుని, తలుపు చూసి, తలూపాడు.

అక్క కెమెరా దగ్గరికి పోయింది. అంతా చూసుకుని, ఇంకో నల్లగుడ్డ తీసి అద్దం మీద కప్పేసింది. అద్దంలో మనిషి మాయమయ్యాడు. నిచ్చెన మాత్రం ఇంకా ఆ గుడ్డవైపే చూస్తున్నాడు, ఎవరినో అప్పుడే కలిసి సెలవు తీసుకున్నవాడిలా. తనని తాను చూసుకున్నాక మొహంలో ఒక తడి ఉంటుంది, అది ఆరకముందే నొక్కాలి అని అక్క తర్వాత్తర్వాత చెప్పేది. ఆ రోజు చెప్పడానికేమీ లేదు. నొక్కింది.

ప్రింటు ఆరేదాకా ఆఫీసరు కదలలేదు. నిచ్చెన వీధిలో పచార్లు చేశాడు. బావ పౌడరు డబ్బా మూత తీసి పెట్టి, తీసి పెట్టి, బల్లంతా పౌడరు చేశాడు. చివరికి అక్క ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆఫీసరు చేతుల్లోకి తీసుకుని కిటికీ దగ్గరికి పోయాడు. చాలాసేపు చూశాడు.

"వీడు మా నిచ్చెనేనా?" అన్నాడు. తర్వాత, "వీడి అమ్మకి చూపించాలి" అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "మిగతావాళ్ళని ఎప్పుడు పంపమంటావమ్మా?" అన్నాడు.

నాన్న అప్పటిదాకా మూల కుర్చీలో ఉన్నాడు. ఫోటో ఇస్తే కంటికి ఆనదు. లేచి తడుముకుంటూ తెర దగ్గరికి వచ్చాడు. "ఎక్కడ నిలబెట్టావే?" అన్నాడు. అక్క నేల మీది గీతల దగ్గరికి తీసుకొచ్చింది. నాన్న చెప్పులు వదిలేసి, ఆ పెద్ద బూట్ల గీతల్లో తన పాదాలు పెట్టాడు. కాసేపు సర్దుకున్నాడు. వెనక కాలు, ముందు కాలు. బరువెటు పడుతుందో ఒంటికి తెలిసింది.

"వీణ్ణి ముట్టుకున్నావా?"

"లేదు నాన్నా."

"మరి ఇలా ఎలా నిలబడ్డాడే? ఇలా నిలబెట్టాలంటే నాకు నాలుగు దెబ్బలు పట్టేవి" అన్నాడు. ఆ గీతల్లోంచి కదలకుండానే బొడ్లోంచి తాళాలు తీసి చెయ్యి చాచాడు. అక్క అటుంటే ఇటు చాచాడు, కళ్ళు కనపడక. బావే ఆ చెయ్యి పట్టుకుని అక్క వైపు తిప్పాడు.

"ఇదుగో మామయ్యా, తలుపు వైపు" అన్నాడు.

బావ ఓ నెల మాట్లాడలేదు. నెల తర్వాత ఇస్తిరి చొక్కా వేసుకొచ్చి అద్దం ముందు నిలబడి, "మరదలా, నాకూ ఒకటి తియ్యి. కానీ నిచ్చెన కంటే బాగా రావాలి" అన్నాడు. రాలేదు. ఆ మాట మాత్రం ఎవరూ వాడితో అనలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు అక్క దగ్గరే ప్రింట్లు తీశాడు.

పంతొమ్మిదిమందినీ మళ్ళీ తీసింది. ఎవరి పాదాలకి వాళ్ళ గీతలు. గొట్టం పట్టేవాడు గొట్టం పట్టినట్టు, బండి నడిపేవాడు బండి దిగినట్టు, ఎవడి నిలుపు వాడిది. ఆ ఫోటోలు స్టేషను గోడకి ఎక్కాక ఊళ్ళో మగాళ్ళంతా వరసకట్టారు. మంగలి కూడా వచ్చాడు, పెళ్ళాంతోనే. "కత్తి పట్టుకుని నా గడ్డం గీస్తున్నావనుకో" అంది అక్క. వాడి పెళ్ళాం పడీపడీ నవ్వింది. దర్జీలు, గుమాస్తాలు, లారీవాళ్ళు, మేష్టర్లు. ఒక్కొక్కడూ ఆ బీరువా తలుపు ముందు నిలబడి, ముందు సిగ్గుపడి, తర్వాత "ఇదా నేను?" అని, ఆ తర్వాతే నిలబడ్డారు. అక్క వాళ్ళని ఏమీ చెయ్యలేదు, మీ పనేమిటని అడిగేది, అంతే.

నిచ్చెన మాత్రం ఇంకో మూడుసార్లు ఫోటో దిగాడు. ఏ ఉద్యోగానికని అడిగితే నీళ్ళు నమిలాడు. మూడోసారి అక్కకి అర్థమై, "నా చెల్లెలు ముందు గదిలో పౌడరు డబ్బా అందిస్తుంది కదా, అక్కడే నిలబడండి, లోపలికి రానక్కర్లేదు" అంది. ఆ సంగతి మీకక్కర్లేదు.

అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా సంబంధం తెస్తే, "ముందు నిలబడమనండి, చూస్తాను" అనేది. ఎవడూ నచ్చేట్టు నిలబడలేదట. కుడి ఎడమలు చివరిదాకా రాలేదు. దారి అడిగినవాళ్ళకి కూడా, "నేరుగా పోయి తలుపు వైపు తిరగండి" అని చెప్పేది. ఎంతమంది ఎక్కడెక్కడ తేలారో!

బీరువాకి తలుపు రెండు రోజుల్లో బిగిస్తానన్న మాట యాభై ఆరేళ్ళు నడిచింది. తలుపు స్టూడియోలో, బీరువా ఇంట్లో. అమ్మ పోయేదాకా తిడుతూనే ఉంది. తిడుతూనే వారానికోసారి కిందకి దిగి ఆ అద్దం తుడిచేది. అందుకే మీరు బాగు చేయిస్తామంటే మీ పెద్దమ్మమ్మ తిట్టేది. దాని తలుపు పనికి పోయింది, పాడు కాలేదు.

ఆఖరి సంవత్సరం కూడా అక్క పొద్దున్నే తాళాలు బొడ్లో దోపుకుని వెళ్ళేది. చేతిలో ఫోనులతో కుర్రాళ్ళు వచ్చి నవ్వుకుంటూ నిలబడితే, కుర్చీలోంచే అనేది, "చంకలో పిచ్చుక పట్టదురా, కాస్త సందియ్యి." మీలో ఇద్దరు ముగ్గురు ఆ మాట పడ్డవాళ్ళే, దాచకండి. మొన్న చలికాలంలో ఒక పొద్దున తాళం తీసి, తలుపు తెరిచి, కుర్చీలో కూర్చుంది. అంతే. బావ కొడుకు వెళ్ళేసరికి అద్దం మీద గుడ్డ తీసే ఉంది, ఎవరో రాబోతున్నట్టు.

అప్పటికి ఆవిడకి డెబ్బై తొమ్మిదేళ్ళు.